ఒక గంప పాత చవుడు

ఆళ్లగడ్డ ఆడపిల్లల బడి మిద్దె మీద ఎంత మన్ను ఉందో నేను గవాచిలోంచి కొలిచాను. గవాచి అంటే మా వైపు మట్టి మిద్దెలకు గాలి, వెలుతురు కోసం పైకప్పులో వదిలే నలుచదరపు కంత. వాన వస్తే దాని మీద ఒక బండ మూస్తారు. నిచ్చెన వేసుకొని మిద్దె ఎక్కి, టేపు కొసను గవాచి అంచు నుంచి కింద కప్పును మోసే అడ్డుకొయ్యల, అదే దంతెల దాకా వదిలాను. వాన దిగకుండా పోసే, జానెడు మందం ఉండాల్సిన చవుడు మన్ను మూరన్నర దాటింది. నమ్మకం కుదరక నాలుగు పక్కలా కొలిచాను. నాలుగు పక్కలా అంతే. పైనుంచి తొంగి చూస్తే అది వెలుతురు కంతలాగా లేదు, చేదబావిలాగా ఉంది.

అప్పుడు కర్నూలు రాజధాని. నేను మద్రాసులో డిప్లొమా చదువు ముగించుకొని, నంద్యాలలో బళ్ల కట్టడాలు చూసే ఆఫీసులో సూపర్వైజరుగా చేరి ఏడాది కూడా కాలేదు. నా దగ్గర ఉన్న సరంజామా: ఒక సైకిలు, ఒక టేపు, రసమట్టం, తూకు గుండు, ఎండకు ఒక టోపీ. టోపీ తప్ప మిగిలినవన్నీ ప్రతి దినమూ వాడేవాణ్ణి. టోపీ పెట్టుకుంటే ఊళ్లలో మశూచి టీకాలు వేసేవాడనుకొని పిల్లలు పరుగెత్తేవాళ్లు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా మా కిందికి వచ్చే బళ్లన్నీ తిరిగి, ఎండాకాలం సెలవుల్లో దేనికి ఏం మరమ్మతు కావాలో రాసుకొని రమ్మని మా ఇంజనీరు గారు చెప్పారు. నాకు చాలా ఇష్టమైన పని అది. ఏ బడికి పోయినా ఒకటే వరస పెట్టుకున్నాను: ముందు కప్పు, తర్వాత దూలాలు, తర్వాత గోడలు, తలుపులు, నేల, చివరగా బావి, మరుగుదొడ్డి ఉంటే మరుగుదొడ్డి. నీళ్లు పైనుంచి కిందికి వస్తాయి, చెడుపు కూడా అట్లాగే వస్తుంది, కాబట్టి చూసేవాడు కూడా పైనుంచే రావాలన్నది నా లెక్క.

నంద్యాల బళ్లు సులభంగా తెమిలిపోయాయి. మా ఊళ్లో బండకు కరువు లేదు. నేలా బండే, గోడా బండే, చాలాచోట్ల కప్పు కూడా బండే. పగిలిన బండ తీసి కొత్త బండ వేసి, సందులు పూడ్చమని రాస్తే సరిపోయేది. ఒక బడికి మాత్రం తలుపు లేదు. యాడికి పోయిందని అడిగితే, పక్కవీధిలో పెళ్లయితే వండిన అన్నం రాశి పోయడానికి ఊడదీసుకొని పోయినారని, ఆ పెళ్లికూతురికి ఇప్పుడు ఇద్దరు పిల్లలని అక్కడి పంతులు చెప్పాడు. తలుపు ఒకటి అని రాసుకున్నాను.

సిమెంటు, ఇనుము మాత్రం రాయొద్దని ఇంజనీరు గారు ముందే హెచ్చరించారు. దొరికిందంతా కర్నూలుకు పోతోంది. కొత్త ఆఫీసులకే చాలక అక్కడ గుడారాలు వేసి ఫైళ్లు పెట్టుకుంటున్న రోజులవి. "నీకు దొరికేవి నాలుగు: రాయి, సున్నం, కొయ్య, మన్ను. వాటితోనే ఆలోచించు" అన్నారు.

ఆళ్లగడ్డ బడికి పోయేసరికి ఒంటిపూట బళ్లు మొదలయ్యాయి. అది ఒక పెద్ద హాలు, ముందు వసారా, పక్కన రెండు గదులు. రాతి గోడలు, మట్టి మిద్దె. హాలు మధ్యలో అడ్డంగా ఒక పెద్ద టేకు దూలం, దాని మీద రెండు వైపుల నుంచి వచ్చి ఆనిన దంతెలు. ఆ దూలం నడిమిలో కిందికి వంగి ఉంది. నిచ్చెన వేసి చూస్తే, అడుగు పక్కన నారవెంబడి బీట విచ్చింది. నా చిటికెన వేలు గోరు దాకా అందులోకి పోయింది. గోడల మీద ఆనిన దంతెల కొసలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. చెదలు లేవు. అంటే చెడింది కొయ్య కాదు, మోయాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు మోస్తోంది. అప్పుడే పైకెక్కి గవాచిలో టేపు వదిలాను.

హాల్లో ఇంకొక వింత ఉంది. పిల్లలందరూ రెండు గోడల పక్కన రెండు బారులుగా కూర్చున్నారు. పెద్ద టీచరమ్మ బల్ల, కుర్చీ మాత్రం నల్లబల్ల దగ్గర కాకుండా హాలు నట్టనడుమ, గవాచి కింద ఉన్నాయి. ఆమె ఒక్కో వాక్యం రాయడానికి అక్కడి నుంచి లేచి నల్లబల్ల దాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి కూర్చుంటోంది. కట్టడాల పటాల్లో బల్లలు, కుర్చీలు గీసే అలవాటు లేదు. అయినా వింతగా తోచి గీసుకున్నాను.

"బల్ల ఇక్కడ ఎందుకు వేసుకున్నారు?" అని అడిగాను.

"గవాచి కింద వెలుతురు బాగుంటుంది సార్" అంది ఆమె.

ఆమెది గడివేముల పక్క ఒక పల్లె. నాకన్నా పదేళ్లు పెద్దది. మనిషి సన్నం, గొంతు పెద్దది. నేను నిచ్చెన దిగి వచ్చి రాసుకుంటుంటే దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఒక మాట అడగొచ్చునా? పనికిరాదని రాస్తారా?"

"దూలం బీట ఇచ్చింది కదమ్మా. వానకు పైన మన్ను నానితే బరువు ఇంకా పెరుగుతుంది."

"నాకు తెలుసు. నేను అడిగింది అది కాదు. పనికిరాదని రాస్తే మా పిల్లల్ని మగపిల్లల బడిలో కలుపుతారు. అది యాడుందో చూసినారా?"

చూశాను. సంత దాటి, లారీలు ఆగే చోటు దాటి, బస్టాండు అవతల ఉంది.

"చిన్నపిల్లలు పోతారు సార్. ఈ చివర కూర్చున్నారే, వీళ్లు పోరు" అంటూ ఆమె గోడ చివర కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లల వైపు చూపించింది. వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. "పోయినేడే ఈ తరగతి తెరిచినాము. ఒక్కొక్క ఇంటికి నేను ఎన్నిసార్లు పోయింటానో. ఇంటెనకే బడి, పిలిస్తే పలుకుతాది అని చెప్పి తెచ్చుకున్నాను. సంత దాటల్ల అంటే వాళ్ల నాయనలు ఆ పూటే మానిపిస్తారు. వచ్చే ఏటికి సగం మందికి పెండ్లిండ్లయి పోతాయి."

ఆ రోజే ఊళ్లోని మిద్దెల మేస్త్రీని పిలిపించి, దూలం కింద ఒక వేపమొద్దు నిట్టాడి నిలబెట్టించాను. అది ఎండలు ముగిసేదాకా ఆపుతుంది. వానలకు చాలదు. తర్వాత సైకిలు వసారాకు ఆనించి, అక్కడే కూర్చొని నా పట్టీ రాసుకున్నాను. మొదటి పని, మిద్దె మీది మన్ను పూర్తిగా దింపడం. రెండో పని, బీట ఇచ్చిన దూలం మార్చడం. మూడోది, దంతెలు అవే వాడి, పైన పలుచని నంద్యాల బండలు పరవడం. నాలుగోది, జానెడు మందం కొత్త చవుడు పోసి దిమ్మిసతో కొట్టడం. సిమెంటు లేదు, ఇనుము లేదు. సెలవుల్లో ముగిసే పని. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మేస్త్రీ సాయిబు. వాళ్ల నాయన కూడా మిద్దెలే వేసేవాడట. పట్టీ చదివి వినిపిస్తే మొదటి పని దగ్గరే ఆపాడు.

"సార్, మన్ను దింపేది మాత్రం నా చేత్తో కాదు."

"ఎందుకు?"

"ఎందుకంటారేంది సార్! మన్ను యాడ దింపుతారు? ఇంట్లో దీపం పెట్టే దిక్కు ల్యాకపోతే, దాయాదులొచ్చి కొయ్య పంచుకునేకి దింపుతారు. మనుషులుండే ఇంటికి పోసేదే కానీ దింపేది ల్యా. పైగా ఇది మా ఊరి పెద్దాయన వాళ్ల అమ్మ పేరుతో వాళ్ల నాయన కట్టిచ్చింది. నేను పార పెట్టినానంటే ఆయప్ప నన్ను ఆ మిద్దె మీద నుంచే తోస్తాడు."

అప్పుడు నాకు చిన్నప్పుడు విన్న తిట్టు గుర్తుకొచ్చింది. కొళాయి దగ్గర కొట్లాడేటప్పుడు మా వీధి ఆడవాళ్లు "నీ మిద్దె మన్ను దింపా!" అని మెటికలు విరిచేవాళ్లు. ఆ మాటకు అర్థం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

విషయం ఇదీ. ఏటా మృగశిర కార్తెకు ముందు మిద్దెల మీద కొత్త చవుడు చల్లుతారు. పోయిన ఏటి వానకు కొట్టుకుపోయింది ఎంతో, కొత్తగా వేసింది అంత. ఇళ్ల మీద అయితే మోసేవాడి ఒళ్లే లెక్క చెబుతుంది, నాలుగు గంపలు వేసి చాలిస్తాడు. ఈ బడి మీద భక్తితో వేశారు. కట్టించిన పెద్దమనిషి ఉన్నన్నాళ్లూ ఏటా బండ్లు తోలించాడు. ఆయన పోయాక కొడుకు తోలిస్తున్నాడు. మన్ను పెరిగేకొద్దీ పిట్టగోడ ఎత్తు పెంచారు, నీళ్లు పోయే తూములూ ఎత్తు పెంచారు. అందువల్ల వానకు కొట్టుకుపోయేది కూడా లేకపోయింది. ఒక్క చుక్క కారని మిద్దె అని ఊళ్లో పేరు. నిజమే, కారలేదు.

ఆ కొడుకునే ఊళ్లో అందరూ పెద్దాయన అంటారు. నేను పోయేసరికి అరుగు మీద కూర్చొని జనపనారతో పగ్గం పేనుతున్నాడు. అరవై దాటినా వేళ్లు చకచకా ఆడుతున్నాయి.

"రాప్పా, కుచ్చో. ఏ ఊరు?"

"నంద్యాల."

"నంద్యాలోల్లకు బండ తప్ప మన్ను తెలీదులే. ఏందీ సంగతి?"

చెప్పాను. నేను గీసిన పటం ముందు పరిచి, జానెడు ఎక్కడ, మూరన్నర ఎక్కడ, వాన పడితే ఎంత అవుతుంది, దూలం ఎంత మోస్తుంది, అన్నీ వరసగా చెప్పాను. ఆయన పగ్గం పేనడం ఆపలేదు.

"అంతా అయిందా?"

"అయింది."

"మాయమ్మ పేరు పెట్టుకున్న మిద్దెకు మన్ను దింపమంటాండావు. నేనింగా బతికే ఉండా గదప్పా. నీకు అమ్మ ఉందా?"

"ఉంది."

"ఉంటే పోయి ఆమెనడుగు. ఆమె దింపమంటే వచ్చి దింపు."

ఆ మాట విసురుగా అన్నాడు గానీ, నేను ఆ రాత్రి నంద్యాలలో అన్నం తింటూ నిజంగానే అమ్మను అడిగాను. అమ్మ వడ్డించే గరిటె గిన్నెలో వేసేసింది. "అంత మాట ఆ మనిషి ముందర ఎట్లంటివి నాయనా? మద్రాసులో ఇదేనా నేర్పిచ్చింది?" అంది. మా నాయన చేయి కడుక్కొని లేచేటప్పుడు, "కొయ్యకు తెలీదు గదా ఆ సంగతి" అన్నాడు. ఎవరి పక్షాన అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

రెండోసారి ఇంకొక ఉపాయంతో పోయాను. దింపిన మన్ను బయట పారెయ్యం, బడి నేల పల్లంగా ఉంది కాబట్టి దాన్నే హాల్లో పోసి నేల ఎత్తు పెంచుతాం అని. చవుడు నేలలో పోస్తే చెమ్మ ఊరుతుందని నాకు తెలుసు. అయినా కింద ఇసుక పరిచి ఎట్లాగో సర్దుకోవచ్చనుకున్నాను.

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ముందు మాయమ్మ నెత్తిన మన్ను దింపుతానంటివి. ఇప్పుడు దాన్ని తొక్కిపిస్తానంటావు. ఇంగోసారి వచ్చి ఏమంటావో!" అని లోపలికి కేక వేశాడు: "ఈ పిల్లోనికి మజ్జిగియ్యండి, ఎండకు తిరిగి తల తిరిగినట్లుండాది." మజ్జిగ చిక్కగా ఉంది. తాగి వచ్చేశాను.

నంద్యాల ఆఫీసులో ఇంజనీరు గారు అంతా విన్నారు. ఆయన కోపిష్టి కాదు, కానీ తేలిగ్గా తీసుకొనే మనిషీ కాదు. "దాత కొడుకు ఒప్పుకోకుండా వాళ్లు కట్టించిన మిద్దె మీద చేయి వేయలేం. చేయి వేయకుండా అందులో పిల్లల్ని కూర్చోబెట్టలేం. ఈ వారం లోపల ఆయన చేత ఔననిపించు, లేదంటే పనికిరాదని రాసి ఇచ్చెయ్. కూలితే నువ్వూ నేనూ ఏం సమాధానం చెప్పుకుంటాం?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే అనేవాణ్ణి.

మరుసటి రోజు ఆళ్లగడ్డ పోయి పెద్ద టీచరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె ఎనిమిదో తరగతి పిల్లల వైపు చూసి, గొంతు తగ్గించి, "పెద్దాయన ఈ మిద్దె ఎక్కి ఎన్నాళ్లయిందో అడిగినారా?" అంది.

అడగలేదు. నేరుగా అరుగు దగ్గరికి పోయి అదే అడిగాను. ఏటా బండ్లు తోలిచ్చేదే గానీ మోకాళ్ల నొప్పులు వచ్చినప్పటి నుంచి ఎక్కలేదన్నాడు.

"ఒక్కసారి ఎక్కి చూడండి. చూసి కూడా వద్దంటే ఇంక మీ దగ్గరికి రాను. పనికిరాదని రాసి ఇచ్చి పోతాను."

"రాస్తే ఏమైతాది?"

"బడి ఎత్తేస్తారు. మిద్దె మాత్రం ఉంటుంది."

ఆయన పగ్గం పక్కన పెట్టాడు. "నిచ్చెన మంచిదేనా?" అన్నాడు.

మేస్త్రీ నిచ్చెన పట్టుకున్నాడు. మేము పైకెక్కే ముందు పిల్లలందరినీ వసారాలోకి పంపమని టీచరమ్మకు చెప్పాను. మిద్దె మీద ముందుగానే పొడుగాటి పలకలు పరిపించాను, మా బరువు ఒక్కచోట పడకుండా.

"గోడ వెంబడి నడవండి, తర్వాత పలక మీదుగా రండి" అన్నాను.

"మా మిద్దె మీద నడిచేది నువ్వు నేర్పిస్తావప్పా నాకు?" అన్నాడు గానీ, గోడ వెంబడే నడిచాడు.

గవాచి దగ్గర ఇద్దరం మోకాళ్ల మీద కూర్చున్నాం. లోపలి పక్కలు చూపించాను. కోసిన చోట మన్ను చారలు చారలుగా ఉంది. ఒక చార తెల్లన, ఒకటి బూడిద రంగు, ఒకటి పసుపు కలిసిన ఎరుపు. ఏ ఏడు ఏ గుంత నుంచి తెస్తే ఆ రంగు. నేను మందం చూపిద్దామని తెచ్చాను. ఆయన ఇంకేదో చూశాడు.

"ఇదిగో, ఈ ఎర్రది మా నాయన పోయిన ఏడుది. పాత గుంతలో నీళ్లు పడి, కొత్త గుంత తవ్వినాం." వేలు కిందికి జరిపాడు. "ఈ సన్నగీత చూసినావా? అది కరువేడు. ఎద్దులు ల్యా. నెత్తిన మోసి పోసినాం, ఇంటిల్లిపాదీ. మా అమ్మ కూడా మోసింది. తన పేరు బడికి తనే మోసుకున్న్యాది." ఇంకా కిందికి వేలు పోనిస్తుంటే అంచు నుంచి మన్ను పెళ్లగా ఊడి కిందికి రాలింది.

కింద నేరుగా పెద్ద టీచరమ్మ బల్ల ఉంది. ఆమె కూర్చొని నోటుపుస్తకాలు దిద్దుతోంది. మన్ను పుస్తకం మీద పడింది. తల ఎత్తకుండానే చీర కొంగుతో దులిపి, మళ్లీ దిద్దుకుంది. ఆ దులపడంలో ఉలికిపాటు లేదు. ఈగను తోలినట్టు దులిపింది.

వసారా గుమ్మంలోంచి ఎవరో పిల్ల అరిచింది: "ఏయ్, గవాచిలో తాత!" అందరూ కిలకిలమన్నారు.

పెద్దాయన తల ఇంకొంచెం వంచాడు. "ఏమ్మా టీచరమ్మా! మన్ను రాల్తాంటే ఆడే కుచ్చున్నావేంది? అవతలికి జరగరాదా?"

ఆమె అప్పుడు తల ఎత్తింది. "నేను జరిగితే వీళ్లంతా ఉరికొస్తారు పెద్దాయనా. మిమ్మల్ని చూసేకి గవాచి కింద నిలబడతారు."

"ఈ పొద్దంటే సరే. దినమ్మూ నీ బల్ల ఆడేనంట గదా, ఈయప్ప పటంలో కూడా గీసినాడు."

"దినమ్మూ అంతే. దూలం బీట ఇచ్చిన కాటి నుంచి పిల్లల్ని గోడల పక్కకు జరిపినాను. నడిమి జాగా ఊరికే వదిలితే తొక్కుడుబిళ్ల గీస్తారు. ఒట్టి బల్ల వేస్తే బల్ల కింద దూరతారు. నేను కుచ్చుంటే ఎవురూ రారు."

"ఎన్నాళ్లాయ?"

"పోయిన వానల కాటి నుంచి."

నాతో వెలుతురు అని చెప్పింది. నేను అట్లే రాసుకున్నాను. వెలుతురు కావాల్సినవాళ్లు ఎవరైనా అక్కడే కూర్చుంటారు కదా అని.

పెద్దాయన గవాచిలోకి ఇంకా వంగాడు. ఆయన తలగుడ్డ నీడ ఆమె పుస్తకం మీద పడింది. ఆమె పుస్తకాన్ని కొంచెం పక్కకు జరుపుకొని మళ్లీ దిద్దడం మొదలుపెట్టింది.

"నడువప్పా, దిగుదాం" అన్నాడు.

దిగి వసారా మెట్ల మీద కూర్చొని మోకాళ్లు రుద్దుకున్నాడు. మేస్త్రీ చేతులు కట్టుకొని దూరంగా నిలబడ్డాడు.

"ఏంరా, మన్ను దింపనన్నావంట?"

"నీ మాట ల్యాకుండా ఎట్ల దింపేదప్పా?"

"కుండలో పెరుగంతా తినేస్తే, రేప్పొద్దుటికి తోడు యాడిది?"

మేస్త్రీకి ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో తెలియలేదు. "రవ్వంత మిగిలిస్తారప్పా, తోడుకు."

"అట్లే ఒక గంప మన్ను మిగిలించు. బడి దాటనియ్యొద్దు. కొత్త మిద్దె వేసినప్పుడు ముందు ఆ గంప పొయ్యి, మిగిలింది దాని మీద పొయ్యి. అప్పుడది దింపినట్టు గాదు. తోడుకున్నట్టు."

మేస్త్రీ ముఖం వెలిగింది. "అదే గదప్పా, మొదట్నుంచీ ఉండే పద్ధతి!"

"మొదట్నుంచీ ఉంటే ఈ పిల్లోన్ని ఇన్ని దినాలు ఎండకు తిప్పినావేందిరా?"

"మీరెవురూ అడగల్యా!"

పెద్దాయన నవ్వలేదు. లేచి నిలబడి నాతో, "సెలవులిచ్చేదాకా ఆ నిట్టాడి పక్కన ఇంగోటి పెట్టిచ్చు. ఈ పొద్దే పెట్టిచ్చు. కొయ్య మా దొడ్లో ఉండాది" అని, టీచరమ్మ ఉన్న వైపు చూడకుండా ఇంటికి పోయాడు.

నంద్యాలకు తిరిగి వచ్చి అంచనా కాగితాలు శుభ్రంగా తిరగరాశాను. మొదటి పని కింద ఇట్లా రాశాను: పాత చవుడు దింపేటప్పుడు అందులో ఒక గంప విడిగా తీసి, బడిలోనే భద్రపరచి, కొత్త కప్పు మీద అన్నిటికన్నా ముందు పోయవలెను.

ఇంజనీరు గారు అక్కడ వేలు పెట్టి, "ఇదేం పనయ్యా? దీనివల్ల కప్పుకు ఏం బలం?" అన్నారు.

"కప్పుకు ఏమీ లేదు సార్. ఇది లేకపోతే మిగతా పనులేవీ మొదలు కావు."

ఆయన కొట్టెయ్యకుండా సంతకం పెట్టారు. "తనిఖీకి వచ్చినవాళ్లు గంప చూపించమంటే నువ్వే చూపించుకో" అన్నారు.

సెలవులివ్వగానే పని మొదలైంది. దింపిన మన్ను ఎక్కడ పోయాలన్న చింత లేకపోయింది. ఆ ఏడు ఊళ్లో మిద్దెలకు చవుడు కావాల్సినవాళ్లంతా బండ్లు పట్టుకొని వచ్చి తీసుకుపోయారు. చాకలివాళ్లు ఉడకబెట్టుకొనే గుడ్డలకని కొంత తీసుకుపోయారు. గంప మాత్రం టీచరమ్మ తన గదిలో బీరువా పక్కన పెట్టించి పైన గుడ్డ కట్టింది. కొత్త దూలానికి నల్లమల టేకు దొరకడం ఆలస్యమై నా ప్రాణం పోయింది, అది వేరే కథ. గవాచి చుట్టూ జానెడు ఎత్తున ఒక రాతి చట్టం బిగించాం. ఏటా పోసే చవుడు ఆ చట్టం పైఅంచు దాటకూడదు, దాటితే గవాచిలోంచి కిందికి రాలుతుంది. తూములు కూడా కిందికి దించాం. కొత్త కప్పు మీద మొదటి గంప పోసే రోజు పెద్దాయన వచ్చాడు. మోకాళ్ల వల్ల ఎక్కలేక కిందే నిలబడి, "పోసినావా?" అని అరిచాడు. "పోసినానప్పా" అని పైనుంచి మేస్త్రీ అరిచాడు. అంతే.

మేస్త్రీ ఆ పద్ధతిని ఊరికే వదల్లేదు. కొన్నేళ్లకు కొలిమిగుండ్ల వైపు ఒక బడి మరమ్మతుకు పోతే, అక్కడి ముసలాయన ఒకడు నాకు బుద్ధి చెప్పాడు: మిద్దె మన్ను మార్చేటప్పుడు ఒక గంప మిగిలించల్ల, అది తాతల కాలం నుంచి ఉండే ఆచారం, నీకు చదువుకున్నోనికి ఏం తెలుసు అని. రాసుకుంటానన్నాను.

ఆళ్లగడ్డ బడి తెరిచాక, మొదటి పెద్ద వాన పడిన మరునాడు చూడ్డానికి పోయాను. నా వరస ప్రకారమే చూశాను: మిద్దె, దూలం, గోడలు. ఒక మూల తూము దగ్గర కొద్దిగా చెమ్మ తప్ప ఎక్కడా కారలేదు. నిట్టాడులు తీసిన చోట నేలకు బండలు అతికించారు. నడిమి జాగాలో అప్పుడే సుద్దతో తొక్కుడుబిళ్ల గీసి ఉంది. పెద్ద టీచరమ్మ బల్ల నల్లబల్ల పక్కన, గోడకు ఆనించి ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఇప్పుడు కొత్తగా తెరిచిన తొమ్మిదికి వచ్చారు. ఒకరు తగ్గారని ఆమె చెప్పింది.

"ఎట్లుంది?" అన్నాను.

"అంతా బాగుంది సార్." బల్ల మీది పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూపించింది. "ఒకటే లోటు. ఈడ నిజంగానే వెలుతురు తక్కువ."

వచ్చే ఏటి పనుల్లో ఆ గోడకు ఒక కిటికీ రాసుకున్నాను.